అట్టిక్‌లో వాటర్ హీటర్ పగిలితే: టెక్సస్ ఇంట్లో నీటి నష్టానికి క్లెయిమ్ నడిపే పద్ధతి

డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్ చుట్టుపక్కల ఇళ్లకు బేస్‌మెంట్లు దాదాపు ఉండవు. అందుకే చాలా ఇళ్లలో వాటర్ హీటర్, ఏసీ కాయిల్ అట్టిక్‌లోనే (ఇంటి కప్పుకీ సీలింగ్‌కీ మధ్య ఖాళీలో) ఉంటాయి. 50 గ్యాలన్ల ట్యాంకు అడుగు తుప్పు పట్టి ఊడితే పోయేవి ఆ 50 గ్యాలన్లే కావు. చల్లనీళ్ల లైను తెరిచే ఉంటుంది కాబట్టి వాల్వ్ కట్టేదాకా పైనుంచి పడుతూనే ఉంటాయి. మేడ మీద వాషింగ్ మెషీన్ హోస్, టాయిలెట్ వెనక సప్లై లైను, 2021 ఫిబ్రవరి చలికి వేల ఇళ్లలో జరిగినట్టు గడ్డకట్టి పగిలే పైపులు కూడా ఇదే పని చేస్తాయి. వీటన్నిటికీ ఇన్సూరెన్స్ కంపెనీ అడిగేది ఒకటే: ఇది ఉన్నట్టుండి జరిగిందా, ఎన్నాళ్ల నుంచో కారుతోందా? మొదటిదైతే మామూలు హోమ్‌ఓనర్స్ పాలసీ కడుతుంది. రెండోదైతే చాలా పాలసీలు కట్టవు. వాన నీరు, వాగు నీరు నేల మీదుగా ఇంట్లోకొస్తే అది ఫ్లడ్; దానికి వేరే పాలసీ ఉండాలి. డ్రెయిన్ వెనక్కి తన్నితే సీవర్ బ్యాకప్ ఎండార్స్‌మెంట్ (పాలసీకి అదనంగా చేర్చే కవరేజీ) ఉండాలి. ఫ్లడ్ పాలసీ విడిగా ఉందో లేదో, ఎండార్స్‌మెంట్ డిక్లరేషన్స్ పేజీలో (పాలసీ మొదట్లో ఉండే సారాంశంలో) ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి.

నీళ్లు కనబడగానే ఇంటి మెయిన్ వాల్వ్ కట్టండి. ఇంటి ముందు ఆవరణలో, మీటర్ దగ్గరలో నేలలో ఒక ప్లాస్టిక్ మూత ఉంటుంది, ఇంటివైపు వాల్వ్ దాని కిందే. ఆ వాల్వ్ తిప్పే మీటర్ కీ హోమ్ డిపోలో దొరుకుతుంది, ముందే కొని గరాజ్‌లో వేలాడదీయండి. హీటర్ గ్యాస్‌దైతే నాబ్ ఆఫ్‌కి తిప్పండి, కరెంటుదైతే బ్రేకర్ దించండి. లైట్ల దగ్గర సీలింగ్ తడిసినా ఆ గదుల బ్రేకర్ దించాల్సిందే. సీలింగ్ షీట్‌రాక్ (జిప్సం పలక) పొట్టలా ఉబ్బితే కింద బకెట్ పెట్టి, పక్కన నిలబడి, స్క్రూడ్రైవర్‌తో మధ్యలో ఒక కన్నం పొడవండి. వదిలేస్తే పలక మొత్తం ఒక్కసారి కూలుతుంది.

తుడవడానికి ముందు ఫోన్ తీయండి. నీళ్లు పడుతున్న వీడియో, ప్రతి గది నాలుగు మూలలు, హీటర్ మీది మోడల్, సీరియల్ నంబరు ఉన్న లేబుల్, తెగిన హోస్ దగ్గరి ఫోటో ఉండాలి. ప్లంబర్ వచ్చి పాత భాగం పట్టుకుపోతానంటే ఇవ్వకండి. జిప్‌లాక్ సంచిలో వేసి తేదీ రాసి దాచండి. ఆ అరచేయంత హోసే మీ సాక్ష్యం: నట్టు దగ్గర కొత్తగా తెగిన అంచు మెరుస్తూ ఉంటే ఒక కథ చెబుతుంది, చుట్టూ తెల్లటి సున్నపు పొర, పచ్చటి చిలుము ఉంటే ఇంకో కథ చెబుతుంది.

ఇక ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ కాల్. మనవాళ్లలో చాలామంది మర్యాదకొద్దీ అడగనివి కూడా చెప్పేస్తారు. "ఏమో, కొన్నాళ్లుగా కారుతుందేమో అనుకుంటున్నాం" అనే వాక్యం రికార్డయ్యాక వెనక్కి రాదు. అబద్ధం ఆడమని కాదు, ఆడితే పాలసీయే పోతుంది. మీకు తెలిసిందే చెప్పండి, ఊహలు చెప్పకండి. "ఈరోజు పొద్దున 6 గంటలకు చూశాం, రాత్రి 10కి పొడిగా ఉంది, హోస్ తెగింది, వాల్వ్ కట్టేశాం." ఇంతే. ఎందుకు తెగిందో ప్లంబర్ కాగితం మీద రాస్తాడు. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, అడ్జస్టర్ (నష్టం అంచనా వేసే కంపెనీ మనిషి) ఫోన్ చేస్తే వాళ్లు సమాధానం చెప్పకుండా ఫోన్ మీకు ఇమ్మనండి. క్లెయిమ్ నంబరు, మాట్లాడినవాళ్ల పేరు, టైము రాసుకోండి, విషయం అదే రోజు ఈమెయిల్‌లో పెట్టండి.

కాల్ చేసే ముందు లెక్క చూడాల్సింది ఒకటుంది. టెక్సస్‌లో డిడక్టిబుల్ (నష్టంలో ముందు మీరు భరించే భాగం) చాలా పాలసీల్లో ఇంటి కవరేజీలో 1 లేదా 2 శాతం. కవరేజీ 5 లక్షల డాలర్లైతే ఒక శాతమంటే 5,000. నష్టం 6,000 అనిపిస్తే చేతికొచ్చేది వెయ్యి. ఆ క్లెయిమ్ మాత్రం క్లూ రిపోర్టులో (కంపెనీలు చూసే మీ పాత క్లెయిమ్‌ల చిట్టాలో) ఏడేళ్లుంటుంది, ప్రీమియం మీద నీడ వేస్తుంది. కానీ నీటి విషయంలో పైకి కనబడేదానికంటే గోడ లోపల ఎక్కువ ఉంటుంది. అందుకే ముందు తేమ కొలిపించి, ఆ తర్వాతే తేల్చుకోండి.

ఆరబెట్టే పని కంపెనీ కోసం ఆగకూడదు. నష్టం పెరగకుండా చూడడం పాలసీ మీ మీద పెట్టిన బాధ్యత, పైగా 24 నుంచి 48 గంటల్లో బూజు మొదలవుతుంది. షాప్‌వ్యాక్‌తో నీళ్లు తోడి, తడిసిన కార్పెట్ ప్యాడ్ తీసి (ఒక అడుగు ముక్క నమూనాగా దాచండి), ఫ్యాన్లు పెట్టండి. ఆ ఖర్చుల రసీదులు క్లెయిమ్‌లోకి వస్తాయి. పెద్ద పనైతే మిటిగేషన్ కంపెనీని (నీళ్లు తోడి ఆరబెట్టేవాళ్లని) పిలుస్తారు. వాళ్లు వచ్చీరాగానే టాబ్లెట్ మీద సంతకం అడుగుతారు. వర్క్ ఆథరైజేషన్ (పని చేయడానికి అనుమతి) అయితే సరే. "అసైన్‌మెంట్ ఆఫ్ బెనిఫిట్స్" అని ఉంటే ఆగండి, మీ క్లెయిమ్ డబ్బుల హక్కు వాళ్ల చేతికి వెళ్తుంది. రోజువారీ తేమ రీడింగుల షీటు అడగండి. బేస్‌బోర్డ్ దగ్గర తేమ కొలిచే పిన్ను మీటర్ గుచ్చి, అదే గోడలో తడవని చోటుతో పోల్చాలి. రెండూ దగ్గరపడేదాకా డీహ్యుమిడిఫయర్లు ఉండాలి. రీడింగులు లేని ఆరబెట్టిన బిల్లు అడ్జస్టర్ కోతకు తేలిగ్గా దొరుకుతుంది. షీట్‌రాక్‌ని సాధారణంగా కింద నుంచి రెండడుగుల ఎత్తులో కోస్తారు, ఎందుకంటే పలక వెడల్పు నాలుగడుగులు, సగానికి కోస్తే ఒక పలకతో రెండు వరసలు కప్పొచ్చు. వెనకున్న ఇన్సులేషన్ తడిస్తే ఆరదు, తీసేయాల్సిందే. బూజు ఒకేచోట 25 చదరపు అడుగులు దాటితే టెక్సస్‌లో లైసెన్సున్నవాళ్లే శుభ్రం చేయాలి. పనయ్యాక వాళ్లిచ్చే బూజు సర్టిఫికెట్ ఇల్లమ్మేటప్పుడు కూడా పనికొస్తుంది. ఇన్సూరెన్స్‌లో బూజు కవరేజీ విడిగా, తక్కువ పరిమితితో ఉంటుంది, ఉంటేనే.

అడ్జస్టర్ వచ్చిన రోజు మీరు ఇంట్లో ఉండండి, వీలైతే మీ కాంట్రాక్టర్‌నీ ఉంచండి. తర్వాత వచ్చే ఎస్టిమేటు సాధారణంగా ఎక్జాక్టిమేట్ సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. గది కొలతలు టేపుతో సరిచూడండి. తరచూ వదిలేసేవి ఇవి: బేస్‌బోర్డ్ పెయింటు, సామాను జరిపి మళ్లీ పెట్టే కూలి, సీలింగ్ టెక్స్చర్ కలపడం, క్యాబినెట్ అడుగున నేలను తాకే టో-కిక్ పలక, గదికీ హాలుకీ మధ్య గీత లేకుండా పోయే చెక్కనేల. మూడు నాలుగు రకాల పనివాళ్లు కావాల్సిన పనైతే జనరల్ కాంట్రాక్టర్ ఓవర్‌హెడ్, లాభం చెరో 10 శాతం అడగడం మామూలే. లోటు కనబడితే "తక్కువిచ్చారు" అనకుండా, ఏ లైను లేదో ఫోటోతో, కాంట్రాక్టర్ అంచనాతో సప్లిమెంట్ (అదనపు మొత్తం కోసం అభ్యర్థన) పంపండి.

తుప్పు పట్టిన ట్యాంకు ఖర్చు మీది. దాని వల్ల తడిసిన సీలింగ్, నేల ఖర్చు ఇన్సూరెన్స్ కంపెనీది. ఆ పైపును చేరడానికి పగలగొట్టిన గోడ, దాన్ని మళ్లీ కట్టే ఖర్చు కూడా చాలా పాలసీల్లో కంపెనీదే. తిరస్కరణ లేఖలో "అరుగుదల" అని ఒక్క మాట రాసి మొత్తం కొట్టేస్తే, ఈ తేడా చూపించి తిరిగి రాయండి. స్లాబ్ (ఇంటి కింది కాంక్రీటు పునాది) కింది లీకు మాత్రం వేరు, చాలా టెక్సస్ పాలసీల్లో దానికి ఎండార్స్‌మెంట్ కావాలి.

సామాను జాబితాలో మన ఇళ్ల ప్రత్యేకం పట్టుచీరలు. క్లోజెట్ అట్టపెట్టెలో తడిసిన కంచి చీరకి రసీదు ఎక్కడిది? పెళ్లి ఫోటో, దుకాణానికి కట్టిన బ్యాంకు స్టేట్‌మెంట్, ఇప్పుడు అలాంటిదాని ఆన్‌లైన్ ధర, తడిసిన అంచు ఫోటో కలిపి ఒక వరసలో పెట్టండి. పారేసే ముందు అడ్జస్టర్ చూడాలి. హోటల్లో ఉండాల్సొస్తే కంపెనీ ఇచ్చేది అదనపు ఖర్చే: నెలకి తిండికి 800 అయ్యే ఇంట్లో 1,400 అయితే, వచ్చేది 600.

డబ్బు రెండు విడతలుగా వస్తుంది. ఉదాహరణకి బాగుచేతకి 18,600 డాలర్లు, పాతదనం కింద తరుగు 3,400, డిడక్టిబుల్ 5,000. మొదటి చెక్కు 10,200. పని పూర్తిచేసి బిల్లులు చూపాక, పాలసీలో చెప్పిన గడువులోపు, ఆ 3,400 వస్తుంది. "డిడక్టిబుల్ మాఫీ చేస్తా" అనే కాంట్రాక్టర్‌ని నమ్మకండి. 2019 సెప్టెంబర్ 1 నుంచి టెక్సస్‌లో అది చట్టవిరుద్ధం, రెండో విడత ఇచ్చే ముందు మీరు డిడక్టిబుల్ కట్టిన రుజువు కంపెనీ అడగొచ్చు. చెక్కు మీద మార్ట్‌గేజ్ కంపెనీ పేరు కూడా ఉంటుంది. క్లెయిమ్ చెక్కులు చూసే వాళ్ల లాస్ డ్రాఫ్ట్ విభాగానికి ముందే ఫోన్ చేసి ఏ కాగితాలు కావాలో కనుక్కోండి. కాంట్రాక్టర్ డబ్ల్యూ-9 (పన్ను ఫారం) లేక వారాలు ఆగిపోవడం మామూలు.

టెక్సస్ చట్టం ప్రకారం క్లెయిమ్ అందినట్టు కంపెనీ 15 రోజుల్లో చెప్పాలి. అడిగిన కాగితాలన్నీ మీరు ఇచ్చాక 15 పనిదినాల్లో అవునో కాదో తేల్చాలి, ఇంకా సమయం కావాలంటే కారణం రాసి 45 రోజుల వరకు తీసుకోవచ్చు. ఒప్పుకున్నాక 5 పనిదినాల్లో డబ్బివ్వాలి. దాటితే రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖకి 800-252-3439లో ఫిర్యాదు చేయండి, ఖర్చు లేదు. కవరేజీ ఒప్పుకుని మొత్తం దగ్గర పేచీ పెడితే, పాలసీలో అప్రైజల్ క్లాజు (రెండు వైపులా మదింపుదారులను పెట్టి మొత్తం తేల్చే నిబంధన) ఉందేమో చూడండి. పబ్లిక్ అడ్జస్టర్‌ని (మీ తరఫున క్లెయిమ్ నడిపేవాణ్ని) పెట్టుకుంటే ఫీజు ఇక్కడ సెటిల్‌మెంట్‌లో 10 శాతం దాటకూడదు. పని చేసే కాంట్రాక్టరే ఆ పాత్ర వేయడం చట్టం ఒప్పుకోదు.

జిప్‌లాక్‌లోని ఆ హోస్‌ని రెండో చెక్కు వచ్చాక కూడా పారేయకండి. లోపం తయారీదారుదని తేలితే మీ కంపెనీ వాళ్ల మీద డబ్బు రాబట్టడానికి వెళ్తుంది. అది గెలిస్తే మీ డిడక్టిబుల్‌లో కొంతైనా తిరిగి రావచ్చు. ఇలా రాబట్టే పని (సబ్రొగేషన్) పెడుతున్నారా అని మెయిల్‌లో అడిగి, లేదన్న జవాబు చేతికొచ్చాకే దాన్ని చెత్తబుట్టలో వేయండి.