ఆఫీసు పోల్ తప్పుడు లెక్క చెబుతున్నప్పుడు: లక్షణం, కారణం, పరిష్కారం

హైదరాబాదులో మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతాల్లోని కంపెనీలలో పని వేళలు మార్చాలన్నా, ఇంటి నుంచి పనిచేసే రోజులు తగ్గించాలన్నా ముందుగా ఒక చిన్న పోల్ పెట్టి సిబ్బంది నాడి చూడడం మామూలు వ్యవహారమైపోయింది. హెచ్‌ఆర్ విభాగంలో ఉంటూ ఇలాంటి పోల్స్ నేనూ చాలానే పెట్టాను. వాటిలో చాలా వరకు ఎందుకూ కొరగాని ఫలితాలే వచ్చాయి. లోపం జవాబిచ్చినవారి కంటే అడిగిన తీరులోనే ఎక్కువగా ఉండేదని నాకు కాస్త ఆలస్యంగా అర్థమైంది. పోల్ వల్ల తెలిసేది అలవాటు. హక్కు ఏమిటన్నది చట్టంలో చూసుకోవలసిందే. ఈ రెండూ కలగాపులగమైన చోటే పెద్ద చిక్కులు వస్తాయి కనుక, చిన్న లోపాలతో మొదలుపెట్టి అక్కడికి చేరుకుంటాను.

లక్షణం: అందరూ ఒకే చక్కని జవాబు ఎంచుకున్నారు

ఒకసారి 23 మంది ఉన్న బృందం వాట్సాప్ గ్రూపులో ‘రోజూ ఆఫీసు నుంచి ఎన్నింటికి బయలుదేరుతున్నారు?’ అని పోల్ పెట్టాను. చాలాసేపు ఒక్క ఓటూ పడలేదు. తరువాత టీం లీడ్ ‘ఆరున్నర’ అని నొక్కారు. ఆ పైన చూస్తుండగానే ఓట్లన్నీ వరుసగా ఆరున్నరకే పడ్డాయి. అదే వారం కింద సెక్యూరిటీ డెస్కులో ఉన్న క్యాబ్ రిజిస్టరు తిరగేస్తే, ఆ బృందంలో ఎక్కువ మంది సంతకాలు ఎనిమిదిన్నర తరువాతి గడుల్లో ఉన్నాయి. ఒకరైతే సమయం రాసి, కొట్టేసి, దాని పక్కనే పావుగంట ముందరి సమయం వేసుకున్నారు.

దీనికి కారణం అబద్ధమాడే బుద్ధి కాదు, మొహమాటం. వాట్సాప్ పోల్‌లో ఎవరు దేనికి ఓటు వేశారో గ్రూపులోని వారందరికీ కనిపిస్తుంది. లింక్డిన్‌లో ఇతరులకు కనిపించకపోయినా పోల్ పెట్టిన వ్యక్తికి కనిపిస్తుంది. గూగుల్ ఫామ్‌లో ఈమెయిల్ సేకరించే సెట్టింగు ఆన్‌లో ఉంటే, పైన ‘మీ వివరాలు గోప్యం’ అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా ఎవరూ నమ్మరు, నమ్మకపోవడమే సబబు.

పరిష్కారంగా ఈమెయిల్ సేకరణ ఆపివేసిన ఫామ్‌ను వాడి, ఆ సంగతిని స్క్రీన్‌షాట్‌తో సహా ముందే చూపించాలి. పది మంది కంటే తక్కువ ఉన్న బృందాల ఫలితాలను విడిగా చూపకూడదు. ఆరుగురున్న బృందంలో ‘ఒకరు అసంతృప్తి వ్యక్తం చేశారు’ అని చెప్పడమంటే పేరు పెట్టి చెప్పినట్టే. టీం లీడ్ అందరికంటే చివర ఓటు వేయడమో, అసలు వేయకపోవడమో మంచిది. ప్రశ్నను కూడా ‘రోజూ’ అని కాకుండా ‘నిన్న’ అని అడగాలి. రోజూ ఏం చేస్తారని అడిగితే మనిషి తన గురించి తాను అనుకునేది చెబుతాడు. నిన్న ఏం చేశావని అడిగితే గుర్తు తెచ్చుకుని చెబుతాడు. భోజన విరామం, ఆఫీసు వేళల తరువాత వచ్చే ఫోన్లు, సెలవులో లాప్‌టాప్ తెరవడం వంటి అలవాట్లన్నింటికీ ఇది వర్తిస్తుంది.

లక్షణం: ఇబ్బందికరమైన ప్రశ్నకు ‘అవును’ అన్నవారు ఒక్కరూ లేరు

కంపెనీకి తెలియకుండా మరోచోట పని చేస్తున్నారా, జ్వరం లేకపోయినా సిక్ లీవ్ పెట్టారా వంటి ప్రశ్నలకు పేరు లేని ఫామ్ కూడా చాలదు, ఎందుకంటే ఒప్పుకుంటే ఉద్యోగానికే ముప్పని అడిగేవారికీ తెలుసు, చెప్పేవారికీ తెలుసు. ఇక్కడ రూపాయి నాణెం సాయం తీసుకోవచ్చు. ఎవరికివారు రహస్యంగా నాణెం ఎగరేయాలి. బొమ్మ పడితే నిజంతో పని లేకుండా ‘అవును’ అని రాయాలి. బొరుసు పడితే నిజం రాయాలి. అప్పుడు ఎవరి ‘అవును’ నిజమో, ఎవరిది నాణెం పలికించినదో ఎవరూ చెప్పలేరు. అమెరికా గణాంక శాస్త్రవేత్త స్టాన్లీ వార్నర్ 1965లో ప్రతిపాదించిన పద్ధతికి ఇది తరువాత వచ్చిన సులభ రూపం.

లెక్క ఇలా ఉంటుంది. 600 మంది జవాబిచ్చారనుకుందాం. సుమారు 300 మందికి బొమ్మ పడుతుంది, వారంతా ‘అవును’ అంటారు. మొత్తం ‘అవును’లు 420 వస్తే, అదనంగా ఉన్న 120 బొరుసు పడిన 300 మంది నుంచి వచ్చినవే కనుక అసలు నిష్పత్తి సుమారు 40 శాతం. అయితే 60 మంది ఉన్న చిన్న ఆఫీసులో ఈ పద్ధతి వాడకండి. అక్కడ ఫలితం ఇరవై శాతానికి పైగా అటో ఇటో ఊగిపోవచ్చు.

లక్షణం: నెల తిరగకుండానే అదే ప్రశ్నకు వేరే ఫలితం వచ్చింది

ముందుగా క్యాలెండరు చూడండి. సాయంత్రం కుండపోత కురిసి బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర రెండు గంటలు ఇరుక్కుపోయిన మనిషిని మరునాడు పొద్దున ఇంటి నుంచి పని కావాలా అని అడిగితే ఏమంటాడో చెప్పడానికి పోల్ అవసరం లేదు. అలాగే 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి వారానికి 70 గంటల పని గురించి, 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ 90 గంటల గురించి చేసిన వ్యాఖ్యలు చర్చలో ఉన్నప్పుడు పని గంటల మీద పోల్ పెడితే, వచ్చేది మీ ఆఫీసు పరిస్థితి కాదు, ఆ వార్త మీద కోపం. అప్రైజల్ లెటర్లు చేతికొచ్చే వారం కూడా ఇంతే. ఒకే ప్రశ్నను ఏ విశేషమూ లేని రెండు వారాల్లో, ఒకటి మంగళవారం, మరొకటి గురువారం అడిగి, రెండు ఫలితాలూ దగ్గరగా ఉంటేనే నమ్మాలి.

లక్షణం: ఓట్లు బాగానే పడ్డాయి, ఫలితం మాత్రం క్షేత్రంలో కనిపించడం లేదు

ఎవరిని అడగలేదో చూడాలి. హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ, క్యాంటీన్ సిబ్బంది, క్యాబ్ డ్రైవర్లు ఏజెన్సీల ద్వారా వచ్చినవారు కనుక వారికి కంపెనీ ఈమెయిల్ ఉండదు, పోల్ అందదు. ఆఫీసు లైట్లు అందరికంటే ముందు వేసి చివర ఆర్పేది మాత్రం వారే. సంఖ్య పెద్దదైతే ఈ లోపం పూడుతుందనుకోవడం పొరపాటు. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక సుమారు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపి, 20 లక్షలకు పైగా జవాబులు తెచ్చుకుని కూడా రూజ్‌వెల్ట్ ఓడిపోతాడని తేల్చింది. ఆయన అఖండ విజయం సాధించాడు. చిరునామాలు ఎక్కువగా టెలిఫోన్, కారు ఉన్నవారి జాబితాల నుంచి తీసుకోవడం, జవాబివ్వాలన్న పట్టుదల ఉన్నవారే జవాబివ్వడం ఇందుకు ప్రధాన కారణాలుగా చెబుతారు.

హైదరాబాదులో దీనికి భాష కూడా తోడవుతుంది. ప్రశ్నను ఇంగ్లీషుతో పాటు తెలుగులో, ఉర్దూలో, హిందీలో ఒక కాగితం మీద అచ్చు వేయించి, షిఫ్ట్ మారే వేళ తాళం వేసిన పెట్టె పక్కన ఉంచితే చాలు. పెన్నులు మాత్రం రెండు మూడు ఎక్కువే పెట్టండి.

లక్షణం: మెజారిటీ ఒప్పుకున్నారు, కానీ లీగల్ విభాగం ఒప్పుకోవడం లేదు

అన్నిటికంటే ఖరీదైన చిక్కు ఇదే. ‘రోజుకు 12 గంటల చొప్పున నాలుగు రోజులు పని, మూడు రోజులు సెలవు’ అన్న ప్రతిపాదన మీద పోల్ పెడితే కుర్రకారు ఉత్సాహంగా ‘సరే’ అంటారు; వారానికి 48 గంటల లెక్క కూడా సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం కింద తెలంగాణ ప్రభుత్వం 2025 జులైలో ఇచ్చిన ఉత్తర్వు, దుకాణాలు మినహా వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల వరకే పనికి వీలు కల్పించింది. వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైం వేతనం ఇవ్వాలి, ఆ ఓవర్‌టైం మూడు నెలల్లో 144 గంటలు మించకూడదు, ఆరు గంటలు దాటి పని చేయించాలంటే కనీసం అరగంట విశ్రాంతి ఉండాలి, విశ్రాంతితో కలిపి రోజు మొత్తం 12 గంటలు దాటకూడదు. అంటే 12 గంటల పనికి అరగంట భోజనం కలిపిన క్షణంలోనే ఆ ప్రతిపాదన గీత దాటింది. పోనీ పది గంటల చొప్పున ఐదు రోజులంటే మొత్తం 50. ఆ పైరెండు గంటలకూ ఓవర్‌టైం కట్టాలి. ఐటీ సంస్థలకు ఈ చట్టంలోని కొన్ని సెక్షన్ల నుంచి మినహాయింపు ఉన్నమాట నిజమే, కానీ అది షరతులతో ఇచ్చిన మినహాయింపు. 48 గంటల హద్దు ఆ షరతుల్లోనూ ఉంది.

కారణం స్పష్టం. చట్టం ఇచ్చిన కనీస రక్షణను నూటికి తొంభై మంది వద్దన్నా మిగిలిన పదిమందికి అది పోదు, ఆ తొంభై మందికీ పోదు. కనుక పోల్ రాసే ముందే జవాబుల వరుసను చట్టంతో పోల్చి, కుదరని వాటిని కొట్టేయాలి. ఉద్యోగం వదిలినవారి లెక్కలు తేల్చడం మీద ఒక పోల్‌లో ‘30 రోజులా, 45 రోజులా, 60 రోజులా’ అని మూడు వికల్పాలు చూశాను. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమలులోకి వచ్చాయి. వాటిలోని వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసినా, తొలగించినా రావలసిన వేతనాన్ని రెండు పని దినాల్లోగా చెల్లించాలి. ఆ మూడు వికల్పాల్లో ఏది గెలిచినా కంపెనీ ఓడినట్టే.

ఇదే జబ్బుకు మరో రూపం, చట్టం ఏం చెబుతోందో పోల్ పెట్టి తెలుసుకోవాలనుకోవడం. ‘ఇకపై అందరికీ ఏడాదికే గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు పనిచేసిన కాలానికి ఇచ్చే సొమ్ము)’ అని సగం ఆఫీసు నమ్ముతుంది. ఆ వెసులుబాటు నిర్ణీత కాలపు ఒప్పందం మీద చేరినవారికి. శాశ్వత ఉద్యోగులకు ఐదేళ్ల నియమం కొనసాగుతోంది. ఆఫీసు వేళల తరువాత ఫోను ఎత్తకుండా ఉండే హక్కు ఫ్రాన్స్‌లో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి ఉంది. మన దగ్గర ఇదే హక్కు కోసం ఎంపీ సుప్రియా సూలే లోక్‌సభలో పెట్టినది ప్రైవేటు మెంబరు బిల్లు (ప్రభుత్వం తరఫున కాక ఒక సభ్యురాలిగా పెట్టినది) మాత్రమే, అది చట్టం కాలేదు. ఇటువంటి ప్రశ్నలు పెట్టడంలో తప్పు లేదు, కానీ దానిని అభిప్రాయ సేకరణ అనకుండా అవగాహన పరీక్ష అనాలి, ఓటు పడిన వెంటనే సరైన సమాధానం తెర మీద కనిపించేట్టు చేయాలి.

లక్షణం: వ్యాఖ్యల పెట్టెలో ఒక ఫిర్యాదు వచ్చింది

‘ఇంకేమైనా చెప్పదలచుకున్నారా?’ అన్న ఖాళీలో ఎవరో లైంగిక వేధింపు గురించి రాస్తే, దానిని మిగతా వ్యాఖ్యలతో కలిపి స్లైడులో ఎక్కించడం ఘోరమైన తప్పు. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టం ప్రకారం పది మంది లేదా అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి, ఫిర్యాదు దానికి రాతపూర్వకంగా అందాలి, సాధారణంగా ఘటన జరిగిన మూడు నెలల్లోగా అందాలి, వివరాలు బయటపెట్టకూడదు. కనుక ఆ ఖాళీ పైనే కమిటీకి ఫిర్యాదు చేసే మార్గం రాసి ఉంచండి. అయినా ఎవరైనా అక్కడే రాస్తే, దానిని మరెవరికీ చూపకుండా కమిటీ అధ్యక్షురాలికి అందజేయండి.

లక్షణం: తరువాతి పోల్‌కు ఎవరూ స్పందించలేదు

కిందటి పోల్ ఏమైందో వారికి ఎవరూ చెప్పలేదు, అంతే. మా ఆఫీసులో ఇప్పుడు పోల్ ముగిసిన వారంలోగా ప్యాంట్రీలో టీ మెషీను పక్కన ఒక కాగితం అంటిస్తున్నాము. ఎంతమందిని అడిగాము, ఎంతమంది జవాబిచ్చారు, ఏం మారుస్తున్నాము, ఏది చట్టం వల్ల మార్చలేము అన్న నాలుగే నాలుగు వాక్యాలు అందులో ఉంటాయి. కిందటిసారి అంటించిన కాగితం మీద ఎవరో పెన్సిలుతో ‘క్యాంటీన్ వాళ్లను అడిగారా?’ అని రాశారు. అడగలేదు, మరుసటి సోమవారం వారి కోసం మరో పెట్టె పెట్టాము.