రొయ్యల కీష్ అడుగు నానకుండా

హార్బర్ నుంచి తెచ్చిన తాజా రొయ్యలతో కీష్ (మైదా పిండి అడుగు మీద గుడ్లు, క్రీమ్ పోసి ఓవెన్‌లో కాల్చే ఫ్రెంచ్ వంటకం) చేస్తే పైన బాగానే ఉడికేది, అడుగు మాత్రం నానిపోయేది. కారణం నీళ్లే. రొయ్యలూ పాలకూరా వేడికి నీరు వదులుతాయి. ఇప్పుడు రొయ్యల్ని రంగు మారేదాకా మాత్రమే వేయించి జల్లెడలో వడకడుతున్నాను, పాలకూర మగ్గించి గట్టిగా పిండుతున్నాను. టమాటా మానేశాను, క్యాప్సికం చాలు.

విశాఖ ఉక్కపోతలో వెన్న చేతిలోనే కరుగుతుంది. అందుకే 200 గ్రాముల మైదాలో 100 గ్రాముల చల్లటి వెన్న వేళ్లతో త్వరగా నలిపి, చల్లటి నీళ్లతో ముద్ద చేసి, అరగంట ఫ్రిజ్‌లో పెట్టాలి. తర్వాత ఒత్తి టిన్నులో పరిచి, పైన బేకింగ్ పేపర్, దానిమీద పిండి పొంగకుండా బరువుకి రాజ్మా గింజలు పోసి 190 డిగ్రీల్లో 15 నిమిషాలు కాల్చాలి. గింజలు తీసి, గుడ్డు సొన పూసి ఇంకో 5 నిమిషాలు. ఆ పొరే తడిని ఆపుతుంది. గుడ్లు, క్రీమ్ పోశాక 170 చాలు, మధ్యలో కాస్త ఊగుతుండగానే తీసేయండి.