అప్లిక్‌కు దాగే దారం, బొంత కుట్టుకు కనిపించే దారం

పాత నూలు చీరలను పొరలుగా పరిచి కుట్టే బొంత మన ఇళ్లకు కొత్తది కాదు. దాని పై పొర మీద ఆకులు, పువ్వులు, మామిడి పిందెల వంటి ఆకారాలను వేరే రంగు బట్టతో కత్తిరించి పెట్టి, అంచులు లోపలికి మడిచి కుట్టడాన్ని అప్లిక్ అంటారు. ఒడిశాలోని పిపిలి ఊరు ఈ పనికే పేరుపొందింది. ఇక్కడ వివరిస్తున్నది ముందుగా ఇస్త్రీతో అంచులు మడిచే పద్ధతి కాదు. కుడుతున్నంతసేపూ సూది మొనతోనే అంచును లోపలికి తోసుకుంటూ పోయే పద్ధతి. ఇందులో నేర్పు కన్నా ముందు తేలవలసినది దారం సంగతి. అప్లిక్ దారం బట్టలో కలిసిపోయి కనిపించకుండా ఉండాలి. బొంత దారం అస్తరు, దూది, పై బట్ట అనే మూడు పొరలనూ బిగించి పట్టుకుంటూ పైకి అందంగా కనిపించాలి. ఈ రెండు పనులనూ ఒకే ఉండతో కానిచ్చేయాలనుకోవడం వల్లనే చాలా బొంతలు మొరటుగా తయారవుతాయి.

దారపు ఉండ మీద 50/2 అని ఉంటే మొదటి అంకె సన్నదనాన్ని, రెండవది ఎన్ని పేటలు కలిపి పురి తిప్పారో ఆ సంఖ్యను తెలుపుతుంది. చేనేత నూలు కౌంటుకూ ఈ అంకెకూ లెక్క కట్టే పద్ధతి వేరైనా దిశ ఒకటే: 40 కౌంటు కన్నా 80 కౌంటు నూలు సన్నగా ఉన్నట్టే, ఇక్కడ కూడా అంకె పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. అప్లిక్‌కు 50 లేదా 60 అంకె గల రెండు పేటల నూలు దారం సరిపోతుంది, 80 దొరికితే మరీ మంచిది. దర్జీ దుకాణంలో సులువుగా దొరికే పాలియెస్టర్ దారం గట్టిదే కాని, దానికి కాస్త సాగే గుణం ఉంది. లాగి కుట్టిన చోట అది తిరిగి ముడుచుకుని పల్చని నూలు బట్టను ముడతలు పెడుతుంది. గాజులకు చుట్టే మెరుపు దారాన్ని సిల్క్ పేరుతో అమ్ముతారు కాని, అది చాలావరకు రేయాన్. జారుతుంది, ముడి నిలవదు. సన్నని దారం ఏదీ దొరకనప్పుడు ఎంబ్రాయిడరీకి వాడే ఆరు పోగుల నూలు లచ్ఛీ నుంచి ఒక్క పోగును విడదీసి వాడవచ్చు, అయితే దాని పురి వదులు కనుక పొట్టి ముక్కలే తీసుకోవాలి.

రంగు విషయంలో దారం పైన అతికే ముక్కకు సరిపోవాలే తప్ప కింది బట్టకు కాదు. సరిగ్గా అదే రంగు లేకపోతే ఒక ఛాయ ముదురుగా ఉన్నది తీసుకోండి, ఎందుకంటే లేత దారం కుట్టు కుట్టుకూ చుక్కలా బయటపడుతుంది. కలంకారీ వంటి అచ్చు బట్టకు బూడిద రంగు దారం చాలాసార్లు ఆశ్చర్యం కలిగించేంతగా కలిసిపోతుంది.

బట్టలను ముందే తడిపి ఆరబెట్టాలి. ముదురు ఎరుపు, నీలి రంగుల మీద తడి తెల్లగుడ్డతో రుద్ది, రంగు దిగుతోందో లేదో చూడాలి. పల్చని గంజి పెడితే మడత బాగా నిలుస్తుంది. పని పూర్తయ్యాక ఉతికి తీసివేయకపోతే ఆ గంజి పురుగులను పిలుస్తుంది.

ఆకారాన్ని ముక్కకు పైకి కనిపించే వైపున గీసుకుని, గీతకు అయిదు మిల్లీమీటర్లు బయటగా కత్తిరించండి. కింది బట్ట మీద పెట్టి, గీతకు ఒక సెంటీమీటరు లోపలగా కచ్చా కుట్లు వేయండి, లేకుంటే అంచు మడవడానికి చోటుండదు. పది లేదా పదకొండో నంబరు సన్న సూదిలోకి 45 సెంటీమీటర్లకు మించని దారం ఎక్కించి, ముడి మడత లోపల దాగేలా, కొసల దగ్గర కాకుండా ఇంచుమించు తిన్నగా ఉన్న చోట మొదలుపెట్టండి. సెంటీమీటరు మేర మాత్రమే అంచును లోపలికి తోసి, బొటనవేలితో అదిమి పట్టుకోండి. దారం మడత నుంచి ఎక్కడ బయటికొచ్చిందో సరిగ్గా దాని పక్కనే సూదిని కింది బట్టలోకి దింపి, అడుగున రెండు మిల్లీమీటర్లు నడిపి, మడత అంచులోని ఒకటి రెండు పోగులను మాత్రం తాకుతూ పైకి తేవాలి. చీరకు ఫాల్ కుట్టడం తెలిసినవారికి ఈ కుట్టు చేతికి వెంటనే వస్తుంది.

లోపలికి వంగిన వంపుల దగ్గర గీతకు ఒక మిల్లీమీటరు దూరం వరకు చిన్న గాట్లు పెట్టాలి. బయటికి ఉబ్బిన వంపులకు గాట్లు అక్కరలేదు, పెడితే అంచు కోణాలు కోణాలుగా కనిపిస్తుంది. ఆకు కొస అసలు పరీక్ష. కొస చివరి దాకా కుట్టి, అక్కడ అదనంగా ఒక కుట్టు వేసి, లోపల పోగుపడిన బట్టలో కొంత కత్తిరించి, మిగిలినదాన్ని సూదితో రెండోవైపు కిందికి ఒక్క ఊపులో నెట్టాలి. కొద్దికొద్దిగా కెలికితే పోగులు ఊడిపోతాయి. గుండె ఆకారంలో పైన ఉండే లోతైన మూల దగ్గర మాత్రం గీత దాకా కత్తిరించి, మూడు నాలుగు కుట్లు దగ్గర దగ్గరగా, రెండు మూడు పోగులు ఎక్కువ పట్టుకుంటూ వేయాలి. తీగల కోసం బట్టను నేతకు 45 డిగ్రీల ఏటవాలుగా కత్తిరిస్తే అది వంపుకు తగ్గట్టు సాగుతుంది. ముందుగా అడుగున ఉండేవాటిని కుట్టాలి. మరో ముక్క కిందికి పోయే అంచును మడవనవసరం లేదు.

అప్లిక్ అయిపోయాక అస్తరు, దూది పొర, పై బట్ట కలిపి కచ్చా కుట్లు వేసి దారం మార్చండి. బొంత కుట్టుకు 30 లేదా 40 అంకె గల మూడు పేటల నూలు దారం, ఎనిమిది నుంచి పది నంబర్ల పొట్టి సూది కావాలి. మైనపు పూత గల దారం పొరల గుండా చిక్కుపడకుండా జారుతుంది, కాని దాన్ని కుట్టు మిషనులో వాడకూడదు. పూత లేనిదైతే తేనెమైనం మీదుగా లాగితే చాలు. అస్తరుగా పాత మెత్తని చీర వేసినప్పుడు మరీ బలమైన దారం వద్దు; ఎప్పుడైనా లాగుడు పడితే దారం తెగాలి గాని బట్ట చిరగకూడదు, ఎందుకంటే తెగిన కుట్టును మళ్లీ వేయవచ్చు.

మధ్య నుంచి అంచుల వైపు కుట్టండి. మొదటి వరుస అప్లిక్ ముక్క అంచును ఆనుకుని బయటగా నడిస్తే ఆ ముక్క ఉబ్బెత్తుగా పైకి తేలుతుంది. తరువాతి వరుసలను సెంటీమీటరు దూరంలో అదే ఆకారాన్ని అనుసరిస్తూ వేయవచ్చు. మొదట్లో ముడిని పైనుంచి చిన్నగా గుంజి దూది పొరలోకి దింపండి, చివర్లో సూదిని దూదిలో రెండు మూడు సెంటీమీటర్లు నడిపించి పైకి తీసి, దారాన్ని బట్టకు ఆనించి కత్తిరించండి.