తాపాస్ బల్ల దగ్గర – 3వ పాఠం: ఏది ముందు, ఏది తర్వాత

తాపాస్ అంటే స్పెయిన్‌లో పానీయంతో పాటు తినే చిరువంటకాలు. గత పాఠంలో వాటి కొలతలు చూశాం: తాపా అంటే చిన్న గిన్నెడు, రాసియోన్ అంటే నిండు పళ్లెం, మీడియా రాసియోన్ అందులో సగం. ఈసారి ఆర్డర్ చెప్పే వరస నేర్చుకుందాం. స్పెయిన్‌లో కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. కూర్చోగానే ఏడెనిమిది రకాలు చెప్పేస్తారు. వంటగదిలో ఏది తయారైతే అది వెంటనే బల్ల మీదికి వస్తుంది, మన తీరిక కోసం ఆగదు. ఒకటి నోట్లో పెట్టుకునేలోపు మిగతావి చల్లారిపోతాయి.

అందుకే మూడు విడతలుగా చెప్పండి. ఇద్దరికైతే విడతకు రెండు తాపాలు చాలు.

మొదటి విడతలో పానీయం, దాంతో నంజుకోవడానికి చల్లనివి. టమాటా రుద్దిన రొట్టె, ఆలివ్‌లు, వెనిగర్‌లో ఊరిన నెత్తళ్లు (బోకెరోనెస్ ఎన్ వినాగ్రే). ఈ నెత్తళ్లు పొయ్యి ఎక్కవు. పరాన్నజీవులు చావడానికి ఇలాంటి చేపను మైనస్ 20 డిగ్రీల దగ్గర కనీసం 24 గంటలు గడ్డకట్టించాలని స్పెయిన్‌లో 2006 నుంచి నిబంధన ఉంది.

పానీయం ఉప్పదనానికి తోడుగా ఉండాలి. తీపి కాక్‌టెయిల్‌తో మొదలుపెడితే నాలుక మొద్దుబారి నెత్తళ్ల పులుపు తెలియదు. దక్షిణ స్పెయిన్‌లోని అందలూసియాలో ఫీనో, మాన్సానియా అడగండి. రెండూ తీపి లేని షెర్రీ వైన్‌లే, బాగా చల్లగా చిన్న గ్లాసులో వస్తాయి. కలిపిన పానీయమే కావాలంటే రెబుహీతో: ఒక వంతు మాన్సానియా, రెండు వంతుల నిమ్మ సోడా, పుదీనా, ఐసు. సోడా వల్ల తేలిగ్గా అనిపిస్తుంది కానీ మాన్సానియాలో ఆల్కహాల్ 15 శాతం, గబగబా తాగొద్దు. జిన్ టానిక్‌ను అక్కడివాళ్లు ఎక్కువగా భోజనం అయ్యాకే తీసుకుంటారు, మీరూ చివరికి ఉంచండి.

రెండో విడత వేపుళ్లది. క్రొకేతాస్ దగ్గర జాగ్రత్త. పైన పొడి రొట్టె పొర చేతికి గోరువెచ్చగా తగులుతుంది, లోపల పాలు, మైదాతో చేసిన చిక్కటి ముద్ద మాత్రం సలసలా కాగుతూ ఉంటుంది. ఫోర్కుతో మధ్యకు విరిచి, ఆవిరి పోయేదాకా ఒక నిమిషం ఆగండి. విరిచినప్పుడు ముద్ద మెల్లగా జారాలి. పచ్చి పిండి వాసన వస్తే మైదా సరిగా వేగలేదన్నమాట. పగిలి నూనె పీల్చుకుని ఉంటే ముద్ద పూర్తిగా చల్లబడకముందే మూకుడులో పడిందని అర్థం చేసుకోవచ్చు.

మూడో విడత గాంబాస్ అల్ అహీయోది. చిన్న మట్టి పాత్రలో ఆలివ్ నూనె, వెల్లుల్లి ముక్కలు, ఎండుమిర్చి, రొయ్యలు. చిటపటలాడుతూ బల్ల మీదికి వస్తుంది. మట్టి వేడిని వదలదు కాబట్టి రొయ్యలు అందులోనే ఇంకా ఉడుకుతుంటాయి. కబుర్లలో పడి వదిలేస్తే రబ్బరులా సాగుతాయి. వెంటనే రొయ్యలు మీ పళ్లెంలోకి తీసుకోండి, నూనె మాత్రం అందులోనే ఉండనివ్వండి. అసలు రుచి ఆ నూనెదే! దాంట్లో రొట్టె అద్దుకు తినాలి. రొట్టె ముందే అడిగి పెట్టుకోండి, చాలాచోట్ల దానికి విడిగా డబ్బు తీసుకుంటారు.

మాంసం తిననివాళ్లకు ఒక మాట. ‘సిన్ కార్నే’ (మాంసం లేకుండా) అంటే సరిపోదు. హామోన్ (ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది తొడ మాంసం) ముక్కలను, ట్యూనా చేపను మాంసం కింద లెక్కపెట్టని వడ్డనవాళ్లు ఉంటారు. ‘సిన్ హామోన్, సిన్ అతూన్’ అని పేర్లు పెట్టి చెప్పండి. పంది మాంసం సెర్దో, పశుమాంసం తెర్నేరా లేదా వాకా.

రెండు ఊళ్లలో ఈ వరస మారుతుంది. గ్రనాదాలో ప్రతి పానీయంతో ఒక తాపా ఉచితంగా వస్తుంది, కనుక ముందు పానీయం ఒక్కటే చెప్పి ఏమొచ్చిందో చూడండి. సాన్ సెబాస్టియన్‌లో పిన్చోలు (అక్కడి తాపాలు) కౌంటర్ మీద పేర్చి ఉంటాయి. వేడివి కావాలంటే గోడ మీది పలక చదివి అడగాలి, అప్పటికప్పుడు చేసిస్తారు.

అభ్యాసం: సెవిల్‌లో రాత్రి తొమ్మిదిన్నరకు ఇద్దరు కూర్చున్నారు, ఒకరు పంది మాంసం ముట్టరు. మెనూలో సాల్మొరేహో (చల్లటి చిక్కని టమాటా పులుసు), పాలకూర–శనగలు, హామోన్ క్రొకేతాస్, పతాతాస్ బ్రావాస్ (కారం సాస్‌తో వేయించిన బంగాళాదుంపలు), గాంబాస్ అల్ అహీయో, బోకెరోనెస్ ఉన్నాయి. మూడు విడతలు కాగితం మీద రాయండి. హామోన్ పేరులో కనబడకుండా పైన చల్లి వచ్చే వంటకం ఒకటుంది, దాన్ని ఎలా అడగాలో కూడా రాయండి. జవాబు 4వ పాఠం మొదట్లో.