చెకప్‌లు నడుస్తున్నన్నాళ్లు పడవలో ఉండాలంటే

మా ఆయన చెకప్‌లకి తిరిగినన్నాళ్లు మేం తెరచాప పడవలోనే ఉన్నాం, అందుకే చెప్తున్నా, ముందు లంగరు మీద కాకుండా జెట్టీకి కట్టేసుకోండి, గాలి లేచిన రోజు చిన్న పడవలో ఒడ్డుకెళ్తే మనిషి తడిసి ముద్దయిపోతాడు, చలికి వణుకుతూ బీపీ చూపించుకుంటే ఎక్కువే వస్తుంది. రిపోర్టులు, మందులు జిప్ కవర్లో వేసి పై అరలో పెట్టండి, కిందైతే చెమ్మ పట్టేస్తుంది. బయల్దేరేముందు పడవ అడుగున నీళ్లు చేరాయేమో చూసి, గ్యాస్ సిలిండర్ దగ్గరే ఆపేసి, టాయిలెట్ సీకాక్, అంటే బయటి నీళ్లు గొట్టంలోంచి లోపలికి రాకుండా ఆపే వాల్వు, మూసేయండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ వాడకుండా ఉంచినప్పుడు 12.2 వోల్టులు చూపిస్తే దాదాపు సగం అయిపోయినట్టే, ఛార్జింగ్ పెట్టండి. తాళ్లు ఒరుసుకునే చోట పాత హోస్ పైపు ముక్క తొడగండి. ఫాస్టింగ్ టెస్ట్ రోజు పొద్దున్నే మీరూ స్టవ్ వెలిగించొద్దు, అంత చిన్న క్యాబిన్‌లో కాఫీ వాసన తప్పించుకునే చోటుండదు పాపం.