లాబ్రడార్‌ని ఫోస్టర్ ఇంటి నుంచి దత్తత తీసుకోవడం ఎలా?

కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలర్లతో కలిసి చన్నీళ్లలో ఈదిన కుక్కల సంతతి లాబ్రడార్. తర్వాత బ్రిటన్‌లో వేటగాళ్లు కొట్టిన పక్షుల్ని తెచ్చి ఇచ్చే పనికి దాన్ని తీర్చిదిద్దారు. అలాంటి కుక్కని హైదరాబాద్ ఫ్లాట్‌లో పెట్టి, పది నిమిషాలు కిందికి తిప్పి తెస్తే చెప్పులు కొరుకుతుంది, వచ్చినవాళ్ల మీదికి దూకుతుంది. పిల్లగా ముద్దుచేసి కొన్నవాళ్లు కొందరు ఏడాది తిరక్కుండా వదిలేసేది ఇందుకే.

ఇలా వదిలేసిన కుక్కల్ని కొన్ని రెస్క్యూ బృందాలు షెల్టర్‌లో కాకుండా వాలంటీర్ల ఇళ్లలో పెడతాయి. వాళ్లే ఫోస్టర్లు. నన్నడిగితే ఎదిగిన కుక్కని తెచ్చుకోవడానికి ఇంతకన్నా మంచి దారి లేదు.

మొదట మీ రోజు ఎలా గడుస్తుందో చూసుకోండి. పొద్దున, సాయంత్రం కలిపి గంటకు తక్కువ కాకుండా తిప్పగలగాలి. ఎండాకాలంలో అయితే తెల్లవారుజామున, మళ్లీ చీకటి పడ్డాకే. అద్దె ఇల్లయితే ఓనర్ ఒప్పుకున్నారని ముందే ఖాయం చేసుకోండి.

దరఖాస్తు పెట్టాక బృందం వాళ్లు ఇల్లు చూడటానికి వస్తారు. బాల్కనీ గ్రిల్, గేటు గడియ, పగలు ఇంట్లో ఎవరుంటారు, అన్నీ అడుగుతారు. తప్పుగా అనుకోకండి. ఆ కుక్క ఇప్పటికే ఒక ఇల్లు పోగొట్టుకుంది.

అసలు పని ఫోస్టర్‌తో మాట్లాడటం. "మంచిదేనా అండీ?" అని అడిగితే "చాలా మంచిదండీ" అనే జవాబే వస్తుంది. "నిన్న సాయంత్రం ఏం చేసింది?" అని అడగండి. కాలింగ్ బెల్ మోగితే ఏం చేస్తుంది, తింటుండగా గిన్నె దగ్గర చెయ్యి పెడితే గుర్రుమంటుందా, రెండు గంటలు ఒంటరిగా ఉంటుందా, పిల్లిని చూస్తే బెల్ట్ లాగుతుందా, టపాసులకు ఎక్కడ దాక్కుంటుంది, ఇవన్నీ రాసుకోండి. చూడటానికి వాకింగ్‌కి ముందు వెళ్లండి. తిరిగి వచ్చి అలసి పడుకున్నప్పుడు ఏ కుక్కయినా బుద్ధిమంతురాలే. ఇంట్లో పెద్దవాళ్లని కూడా తీసుకెళ్లండి, ముప్పై కిలోల కుక్క ఎదురొస్తే ఎలా ఉంటుందో వాళ్లకీ తెలియాలి. "మీ ఇంటికి ఇది కుదరదండీ, ఇంకోటి చూద్దాం" అని ఫోస్టర్ అంటే వినండి.

రేబిస్ టీకా సర్టిఫికెట్, పిల్లలు పుట్టకుండా చేసిన ఆపరేషన్ కాగితం, పిడుదుల వల్ల వచ్చే జ్వరానికి చేసిన రక్తపరీక్ష ఉంటే ఆ రిపోర్టు తీసుకోండి.

ఇంటికి తెచ్చాక వారం పాటు ఫోస్టర్ పెట్టిన తిండే పెట్టి, ఆ తర్వాత మెల్లగా మార్చండి. ఉతకని దాని దుప్పటి కూడా అడిగి తెచ్చుకోండి. కొత్తలో మెడపట్టీకి ఒకటి, ఛాతీకి తొడిగే హార్నెస్‌కి ఒకటి, మొత్తం రెండు తాళ్లు కట్టి తిప్పండి, బెదిరితే పట్టీలోంచి తల లాగేసుకుని పారిపోతాయి. వాన రోజుల్లో గింజల్లా ఉండే డాగ్ ఫుడ్‌ని గదిలో అక్కడక్కడా దాచి వెతికించండి. వాసన పట్టడం దాని రక్తంలో ఉన్న పని, పావుగంటలో అలిసిపోతుంది. ఎంత పెట్టినా ఆకలన్నట్టే చూస్తుంది. సుమారు నాలుగో వంతు లాబ్రడార్లలో ఆకలిని పెంచే జన్యులోపం ఉందని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు గుర్తించారు. కాబట్టి కొలిచే పెట్టండి. ఎండుద్రాక్ష వేసిన పరమాన్నం, ఉల్లిపాయ కూర మాత్రం ఎంత జాలిపడ్డా పెట్టొద్దు, రెండూ కుక్కలకు విషమే.

కుదురుకోవడానికి మూడు నెలలు పట్టొచ్చు. ఈలోగా ఏ ఇబ్బంది వచ్చినా ముందు ఫోస్టర్‌కే ఫోన్ చేయండి.