పూర్వ విద్యార్థితో కాలేజీ ఇంటర్వ్యూ – 3వ పాఠం: రిపోర్టులో రాయడానికి ఏం ఇస్తున్నారు?

అమెరికా కాలేజీలో డిగ్రీ సీటుకు అప్లికేషన్ పెట్టినవాళ్లతో ఆ కాలేజీ పూర్వ విద్యార్థి ఒకరు మాట్లాడే ఇంటర్వ్యూ ఇది. మొదటి రెండు పాఠాల్లో ఈ ఇంటర్వ్యూ ఏమిటో, దానికి పిలుస్తూ మెయిల్ వచ్చాక ఎలా జవాబివ్వాలో చూశాం. స్పామ్ ఫోల్డర్ రోజూ తెరిచి చూడటం, నవంబరు మొదటి ఆదివారం నుంచి న్యూయార్క్‌కీ మనకీ మధ్య తేడా తొమ్మిదిన్నర గంటల నుంచి పదిన్నర గంటలకు మారుతుందని గుర్తుంచుకోవడం ఈపాటికి మీకు అలవాటై ఉండాలి. ఇక అసలు మాట్లాడటం దగ్గరికి వద్దాం.

ముందు ఎదురుగా కూర్చునే మనిషి గురించి. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (ఎమ్‌ఐటీ) ఈ వాలంటీర్లను ఎడ్యుకేషనల్ కౌన్సెలర్లు అంటుంది. హార్వర్డ్, ప్రిన్స్‌టన్, జార్జ్‌టౌన్ లాంటి చోట్ల కూడా పూర్వ విద్యార్థులే ఈ పని చేస్తారు. వీళ్లకు జీతం ఉండదు. ఆఫీసు అయ్యాకో, శని ఆదివారాల్లోనో మీకోసం సమయం తీస్తారు. సీటు ఇచ్చే అధికారం వీళ్ల చేతుల్లో లేదు. చాలా కాలేజీల్లో మీ అప్లికేషన్ కూడా వీళ్లకు చూపించరు. మీ మార్కులు, శాట్ అనే ప్రవేశ పరీక్షలో స్కోరు, అప్లికేషన్ కోసం మీరు నెలల తరబడి దిద్దుకున్న 650 పదాల వ్యాసం ఏవీ మిమ్మల్ని ఇంటర్వ్యూ చేసే ఆయనకు తెలియవు. పేరు, స్కూలు, ఫోన్ నంబరు లాంటి వివరాలు చేతికిస్తారు, అంతే. మీతో అరగంటో గంటో మాట్లాడి ఆయన ఒక రిపోర్టు రాస్తారు. అది మీ ఫైల్లో చేరుతుంది, అడ్మిషన్ ఆఫీసులో ఒకరు దాన్ని చదువుతారు.

అందుకే ఈ పాఠమంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: మీతో మాట్లాడి ఇంటికెళ్లాక ఆయన రిపోర్టు తెరిస్తే, అందులో రాయడానికి ఆయన దగ్గర ఏముంటుంది?

మన పిల్లలకు ఇది కొత్త. ఇక్కడ ఎప్‌సెట్ ర్యాంకు చూసి సీటిస్తారు, మాటలతో పనిలేదు. మనవాళ్లకు తెలిసిన అమెరికా ఇంటర్వ్యూ అంటే వీసాది. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో కిటికీ ముందు నిలబడి, అడిగినదానికి ఒకటి రెండు వాక్యాల్లో జవాబు చెప్పి, అడిగితేనే కాగితం తీసి చూపించాలని అన్నయ్యలు, అక్కయ్యలు చెబుతారు. ఆ సలహా అక్కడికి సరైనదే. అదే పద్ధతి ఇక్కడికి తెస్తే మాత్రం నష్టం. రెండు వాక్యాలు చెప్పి ఆగిపోతే ఆయన ఇంకో ప్రశ్న వెతుక్కోవాలి. పది నిమిషాలు అలా సాగితే ఆయన రాయగలిగేది "మర్యాదగల విద్యార్థి" అన్న ఒక్క మాటే. అలాంటి మాట వేలమంది ఫైళ్లలో ఉంటుంది.

ఒక జవాబును దగ్గరగా చూద్దాం. ఇంటర్ రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయిని ఊహించుకోండి. స్కూల్లో ఉన్నప్పుడు నీటిలో ఫ్లోరైడ్ మీద ప్రాజెక్టు చేసింది. "నీకు ఇష్టమైన పని గురించి చెప్పు" అని అడిగితే మామూలుగా వచ్చే జవాబు ఇదీ:

"నాకు సైన్స్ అంటే చాలా ఇష్టం. ఫ్లోరైడ్ మీద మేం ఒక ప్రాజెక్టు చేశాం. జిల్లా స్థాయిలో మొదటి బహుమతి వచ్చింది. సమాజానికి ఉపయోగపడాలన్నది నా ఆశయం."

ఇందులో అబద్ధం ఏమీ లేదు. అయినా ఆ అమ్మాయి ఎలాంటిదో మనకు తెలియలేదు. ఇప్పుడు అదే సంగతి ఇంకోలా:

"మా అమ్మమ్మ వాళ్ల ఊరు నల్గొండ జిల్లాలో. అక్కడ నా ఈడు పిల్లల పళ్ల మీద కూడా గోధుమరంగు మచ్చలుండేవి. ఒక సెలవుల్లో మూడు బోర్ల నీళ్లు సీసాల్లో పట్టుకొచ్చి స్కూల్ ల్యాబ్‌లో కిట్‌తో పరీక్షించాను. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. బడి పక్క బోరులో దాటింది. రెండు వీధుల అవతల బోరులో దాటలేదు. ఇంత దగ్గరలో అంత తేడా ఎందుకని ఊళ్లో అడిగితే, బడి పక్క బోరు బాగా లోతన్నారు. సరే, లోతే కారణం అనుకున్నాను. కానీ మూడో బోరు అంతకంటే లోతు, అందులో తక్కువే వచ్చింది. నా లెక్క అక్కడ తప్పిపోయింది. కింది రాయి రకాన్ని బట్టి మారుతుందేమోనని ఇప్పుడు చదువుతున్నాను."

ఎదుటి మనిషి ఇక ఊరుకోలేరు. "మూడో బోరు ఎక్కడుంది?" అనో, "కిట్‌ను నమ్మొచ్చా?" అనో అడుగుతారు. అక్కడి నుంచి అది మాటామంతీ అవుతుంది. ఇంటికెళ్లాక రాయడానికి ఆయన దగ్గర మూడు సీసాలున్నాయి, తప్పిపోయిన లెక్క ఉంది, దాన్ని వదలకుండా పట్టుకున్న పిల్ల ఉంది. బహుమతి ఊసు ఎక్కడా రాలేదు. అది అప్లికేషన్‌లో ఎలాగూ ఉంది, మళ్లీ చెప్పనక్కర్లేదు.

రెండో జవాబులో "పరీక్షించాను", "అనుకున్నాను" అంటూ తను చేసింది తనదిగానే చెప్పడం గమనించండి. మన ఇళ్లలో సొంత డబ్బా కొట్టుకోకూడదని చిన్నప్పటి నుంచి నేర్పుతారు. మంచి అలవాటే. దానివల్లే మన పిల్లలు అన్నిటికీ "మేం చేశాం, మా టీమ్ చేసింది" అంటారు. వినేవాళ్లకు అందులో మీ వాటా ఏదో అర్థం కాదు. "సీసాలు తెచ్చింది నేను, పట్టిక వేసింది నా స్నేహితురాలు" అంటే గొప్పలు చెప్పుకున్నట్టు కాదు. జరిగింది జరిగినట్టు చెప్పినట్టే, స్నేహితురాలికి ఇవ్వాల్సిన పేరు కూడా ఇచ్చినట్టే.

"మా కాలేజీయే ఎందుకు?" అన్న ప్రశ్నకూ ఇదే పద్ధతి. ర్యాంకింగ్ గురించి చెబితే అది ఆయనకు తెలిసిందే. ఎమ్‌ఐటీలో 1969 నుంచి యూరాప్ అనే కార్యక్రమం నడుస్తోంది. డిగ్రీ విద్యార్థులు ప్రొఫెసర్ల పరిశోధనలో నేరుగా పనిచేయడం దాని ఉద్దేశం. దాని పేరు చెప్పి ఊరుకుంటే వెబ్‌సైట్ చదివి వచ్చారని మాత్రమే తెలుస్తుంది. ఆ బోర్ల ప్రశ్నను అక్కడ ఎలాంటి ల్యాబ్‌కు తీసుకెళ్లాలనుకుంటున్నారో చెబితే కథ, కాలేజీ ఒకచోట కలుస్తాయి.

కంఠస్థం మాత్రం వద్దు. దీని గురించి గట్టిగానే చెబుతున్నాను. డబ్బు తీసుకుని జవాబులు రాసిచ్చేవాళ్లు ఉన్నారు. ఆ జవాబు మొదటి ప్రశ్నకు బాగానే ఉంటుంది, రెండో ప్రశ్నకు పిల్లల ముఖం పాలిపోతుంది. మీ ఇంగ్లిష్ తడబడినా ఫరవాలేదు, ఒక మాట కోసం ఆగినా ఫరవాలేదు. తెలియనిదాన్ని తెలియదనండి. మీకే జరిగిన సంగతి చెప్పేటప్పుడు మాట దానంతటదే దొరుకుతుంది.

అమ్మానాన్నలకు ఒక మాట. జూమ్‌లో కెమెరాకు కనిపించకుండా పక్కన కూర్చుని సైగలు చేయకండి. పిల్లల కళ్లు పక్కకు తిరుగుతుంటే అవతలివాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. గది తలుపు వేసి బయట ఉండండి. న్యూజెర్సీలోనో టెక్సస్‌లోనో ఉన్న మన పిల్లలకు ఇంటర్వ్యూ చేసేది తెలుగువారే అయితే "అంకుల్", "ఆంటీ" అనే మాటలు నోటి చివరిదాకా వస్తాయి. ఆ రోజుకు ఇంటిపేరుతో మిస్టర్ అనో మిజ్ అనో పిలవడమే బాగుంటుంది.

ఈ వారం అభ్యాసం. మీకు జరిగిన సంగతులు మూడు ఎంచుకోండి. మూడూ చదువుకు సంబంధించినవే కానక్కర్లేదు. ఇంట్లో చెల్లికి లెక్కలు చెప్పడం, నాన్న షాపులో కూర్చోవడం కూడా పనికొస్తాయి. కాగితం మీద రాయొద్దు. ఒక్కోటి రెండు నిమిషాల్లోపు ఫోన్‌లో రికార్డు చేయండి. తిరిగి వింటూ "చాలా ఇష్టం", "ఎంతో నేర్చుకున్నాను" లాంటి మాటలు వచ్చినచోట ఆపి, దాని బదులు ఏం జరిగిందో చెప్పి మళ్లీ రికార్డు చేయండి. తర్వాత ఆ సంగతులు తెలియని ఒకరికి, అంటే పిన్నికో పక్కింటివాళ్లకో, ఎదురుగా కూర్చుని చెప్పండి. మర్నాడు ఉదయం "నిన్న నేను చెప్పినదాంట్లో మీకేం గుర్తుంది?" అని అడగండి. వాళ్లు చెప్పిందే దాదాపుగా మీ రిపోర్టు. వాళ్లకు గుర్తులేని సంగతిని పక్కన పెట్టి మరొకటి ఎంచుకోండి.

మూడూ సిద్ధమయ్యాకే 4వ పాఠానికి రండి. చివర్లో ఆయన "నన్నేమైనా అడగాలా?" అన్నప్పుడు ఏం అడగాలన్నది అందులో చూద్దాం.